సాత్తూరు దాటితే ఆగే బండి

ఆటోమేటిక్ గేరుబాక్సు మొరాయిస్తోందని బండి మీ షెడ్డుకొస్తే ముందు నూనె వాసన చూడమని ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. నేనూ అదే చెబుతాను. వాసన చూశాక మాత్రం, ఆ బండిలో వచ్చిన వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. తోలేవాడితో మాట్లాడితే సరిపోదు. వెనక సీట్లో నోరు మెదపకుండా కూర్చున్న మనిషిని కూడా పలకరించండి. ఈ రెండో మాట నాకు ఏ మేస్త్రీ చెప్పలేదు. కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ మధ్య తిరిగే ఒక పాత పికప్ నాకు ముచ్చెమటలు పోయించి మరీ నేర్పింది.

షెడ్డు తాళాలు మా తమ్ముడి కొడుక్కి అప్పగించి, ఇప్పుడు నేను అక్కడే ఒక కుర్చీ వేసుకుని పక్కవాడి పనికి వంకలు పెట్టే ఉద్యోగంలో ఉన్నాను. మాది అరవదేశం, మా ఇళ్లలో తెలుగు మాట్లాడుకోవడానికే గాని చదువుకోవడానికి కాదు. వయసులో ఉండగా తిరుపతి వైపు ఒక లారీ గ్యారేజీలో పనిచేసినప్పుడు బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. నా మాట విని అక్కడివాళ్లు, ఇదేం తెలుగయ్యా మా ముత్తాతల కాలం నాటిది అని నవ్వేవాళ్లు. అందుకే రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. మావాళ్ల మాటల్ని మాత్రం వాళ్లు అన్నట్టే ఉంచేశాను.

ఆ పికప్ ఆసామిది విళాత్తికుళం దగ్గర ఒక నల్లరేగడి పల్లె. వాన పడితే మిరప, పడకపోతే ఆకాశం వంక చూపు. అతను సేద్యానికి చిక్కకుండా చిన్నప్పుడే లారీ ఎక్కేశాడు. తూత్తుకుడిలో ఉప్పు ఎత్తుకుని ఉత్తరాది దాకా తోలిన మనిషి. ఒకసారి దారిలో లారీ ఆపి, పక్కన నిలబడి టైరు చూసుకుంటుంటే వెనకనుంచి వచ్చిన బండి కొట్టేసింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. పెట్టుడు కాలుతో నడవడం నేర్చుకున్నాడు గాని క్లచ్ తొక్కడం కుదిరే పని కాదు. కుడికాలు ఒక్కటే చాలే బండి కావాలి. లైసెన్సు కూడా ఆ షరతు మీదే ఇచ్చారు. వెతికి వెతికి కోయంబత్తూరు వైపు నుంచి ఒక పాత ఆటోమేటిక్ పికప్ తెచ్చుకున్నాడు. ముందూ వెనకా సీట్లు, ఆ వెనక సామాను తొట్టి. ఊరివాళ్ల మిరప బస్తాలు విరుదునగర్ మండీకి చేర్చడం అతని పని. బస్తాలు దింపించడం, తూకం దగ్గర నిలబడడం అతని భార్య పని. ఆమె ప్రతి ట్రిప్పుకూ వెంట వచ్చేది.

మొదటి రోజే ఆమె నన్ను అన్నా అని పిలిచింది. దాంతో అతను నన్ను బావా అనక తప్పలేదు, నేను అతన్ని, చెల్లెలి మొగుణ్ణి పిలిచినట్టు, అరవంలో మాప్ళె అనక తప్పలేదు. బండి తాళం నా చేతిలో పెట్టాడు గాని వేళ్లు మాత్రం కాసేపు దాన్ని వదల్లేదు. ఈ బండి లేకపోతే ఆ మనిషి మళ్లీ గోడకానుకుని కూర్చోవాల్సిందేనని నాకు అప్పుడే అర్థమైంది.

బండికొచ్చిన జబ్బు ఇదీ. పల్లె నుంచి కోవిల్‌పట్టి దాకా బుద్ధిగా వస్తుంది. హైవే ఎక్కి, బరువుతో, వేగం అందుకుని, సాత్తూరు దాటే వేళకు ఇంజను గొంతు పెంచుతుంది గాని చక్రాలకు బలం అందదు. గేరు జారిపోతుంది. పక్కకు తీసి అరగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది.

మొదటిసారి నూనె తీస్తే టీ డికాషన్‌లా ఉంది, మాడువాసన కొట్టింది. మార్చాను, జల్లెడ కడిగాను, బండి పోయింది. కొన్నాళ్లకే తిరిగొచ్చింది. రెండోసారి స్కానర్ పెట్టి చూస్తే గేరునూనె విపరీతంగా వేడెక్కుతోందని చెప్పింది. ఎందుకు వేడెక్కుతోందో ఏ స్కానరూ చెప్పదు, అది మన పని. ఆ నూనెను చల్లబరచడానికి బంపరు కింద కంతల వెనక ఒక చిన్న కూలర్ ఉంటుంది. ఎదురుగాలి తగిలి చల్లబడాలి, దానికి వేరే ఫ్యానంటూ లేదు. దాన్ని విప్పి, కడిగి, గాలి కొట్టి, గొట్టాలు మార్చి పెట్టాను. అద్దంలా ఉంది. అయినా బండి తిరిగొచ్చింది.

అప్పుడు విరుదునగర్‌లో ఉన్న నా స్నేహితుడి దగ్గరకు పంపాను. ఇద్దరం ఒకే మేస్త్రీ దగ్గర తిట్లు తిని ఎదిగినవాళ్లం. గేరుబాక్సుల పనిలో అతనికున్న చెయ్యి ఈ రెండూళ్లలో ఎవరికీ లేదు. నోరు మాత్రం మహా దురుసు. గేరు మార్చుకోవడానికి బద్ధకించేవాడికి బండెందుకు అని ఆటోమేటిక్ వచ్చినప్పుడల్లా సణిగేవాడు. మాప్ళె కాలు చూశాక ఆ మాట మళ్లీ అనలేదు. బాక్సు దించి, మాడిన ప్లేట్లన్నీ మార్చి, కొత్తదానిలా చేసి పంపాడు. అదీ నెల తిరక్కుండానే జారింది.

ఇక్కడ మా సందు గురించి ఒక ముక్క చెప్పాలి. హైవే నుంచి షెడ్డుకు తిరిగే మలుపులో మూడు దార్లు కలుస్తాయి. దిష్టి తీసిన నిమ్మకాయలు, గుమ్మడి ముక్కలు, నల్లదారాలు జనం తెచ్చి పారేయడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. వాటిని కాలితో పక్కకు నెట్టుకుంటూ, మున్సిపాలిటీని తిట్టుకుంటూ నేను రోజూ షెడ్డుకొచ్చేవాణ్ణి. పికప్ వచ్చిన రోజుల్లో ఇంకోటి కూడా చూసేవాణ్ణి. బండి లోపలికొచ్చిన కాసేపటికి అతని భార్య మలుపు దగ్గర నుంచి నడిచి వచ్చేది. కొట్లో ఏదో కొనుక్కుని వస్తోందనుకున్నాను.

మూడోసారి తిరిగొచ్చేసరికి నాకు నిద్ర కరువైంది. తొట్టినిండా ఇసుక మూటలు వేసుకుని అదే దారిలో, అదే ఎండలో, విరుదునగర్ దాకా నేనే తోలుకుపోయాను, తిరిగి తోలుకొచ్చాను. బండి కిక్కురుమనలేదు. నూనె వేడి ఎక్కడా హద్దు దాటలేదు. మర్నాడు ఇంకోసారి పోయాను. అదే తీరు. నేను తోలితే బాగుంటుంది, అతను తోలితే ఆగుతుంది. దారి ఒకటే, బరువు ఒకటే, మనిషే వేరు. మెకానిక్కు బుర్ర ఇక ఎటు పోతుందో మీకు చెప్పనక్కర్లేదు.

షెడ్డులో నలుగురూ ఉండగానే అనేశాను. బాక్సులో ఏ లోపమూ లేదు, నువ్వు లారీ తోలినట్టు ఎక్కడో యాక్సిలరేటర్ మీద కాలు నొక్కిపెట్టి తోలుతున్నావు, దీన్ని అలా తోలకూడదు అన్నాను. అతను పెట్టుడు కాలు సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"నా కాలే పోయింది బావా, తోలేది పోలా" అన్నాడు.

అని తాళం తీసుకుని బయటికి నడిచాడు. అతని భార్య నా వంక ఒకసారి చూసింది. అందులో కోపం లేదు, ఇంకేదో భయం ఉంది. ఆ చూపు ఏమిటని నేను అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. నేను స్కానర్ తీగ చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఒకసారి టోల్ గేటు వరసలోనే బండి జారి, వెనకవాళ్ల హారన్ల మధ్య నలుగురు దాన్ని తోసి పక్కన పెట్టారట. మండీ వ్యాపారి, ఇంకోసారి సరుకు ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటామని కబురు పెట్టాడు. విరుదునగర్ స్నేహితుడు ఇక ఆటోమేటిక్ వద్దు, పీకేద్దాం అన్నాడు. అదే రకం బండి ఒకటి ప్రమాదంలో నుజ్జయిందని, దాని మామూలు గేరుబాక్సు, క్లచ్ పెడలూ తన దగ్గరే ఉన్నాయని చెప్పాడు. బిగిస్తే బండి ఆగమన్నా ఆగదు. మాప్ళె తమ్ముడు తోలతాడు, మాప్ళె పక్కన కూర్చుంటాడు.

నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు. అతను మాత్రం సరేనన్నాడు. రోడ్డు మీద భార్యను పెట్టుకుని ఎన్నిసార్లు ఆగేది అన్నాడు. ఒక శుక్రవారం మండీకి సరుకు చేర్చి, అటునుంచి అటే బండిని స్నేహితుడి షెడ్డులో వదిలేసేటట్టు మాట అయింది. అంటే ఆ బండి అతను తోలే చివరి ట్రిప్పు అది. నేనూ వస్తానన్నాను. ఎందుకని అతను అడగలేదు, నాకూ సరిగా తెలియదు.

ఆ పొద్దున బైపాసు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. పికప్ వచ్చింది. తార్పాలు కింద బస్తాలు, వాటి ఘాటుకు టీ తాగేవాళ్లంతా తుమ్ముతున్నారు. అద్దానికి నిమ్మకాయలు, బంపరు మీద నాలుక చాపిన దిష్టి రాక్షసి, ఆ దారిలో తిరిగే ఏ బండికైనా ఉండేవే. నేను ముందు సీట్లో కూర్చుని స్కానర్ తగిలించి ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. వెనక సీట్లో ఆమె, కాళ్ల దగ్గర ఒక చెక్క దిమ్మె. పలకరిస్తే తల ఊపింది.

అతను తోలే తీరు చూడ్డానికే నేను వచ్చానని ముగ్గురికీ తెలుసు. పరీక్షకు కూర్చున్నవాడిలా తోలాడు పాపం. వేగం పెంచేటప్పుడు మెల్లగా పెంచాడు, ముందు బండి బ్రేకు లైటు వెలగకముందే కాలు తీశాడు. తప్పు పట్టడానికి నేను వెతికాను గాని ఒక్కటీ దొరకలేదు. నేనెప్పుడూ అంత మెత్తగా తోలలేదు.

ఫోనులో నూనె వేడి మాత్రం ఎక్కుతోంది. నేను తోలినప్పుడు ఎక్కడ నిలిచిందో అక్కడ ఈసారి నిలవలేదు. తొంభై డిగ్రీలు దాటింది, నూరు దాటింది. కిటికీలోంచి గాలి ఈడ్చి కొడుతోంది, ఆ గాలి కూలర్‌కు తగలకుండా ఎక్కడికి పోతోందో నాకు అంతు చిక్కలేదు. సాత్తూరు దగ్గరకొచ్చేసరికి నూటపాతిక మీద ఉంది. ఆపమందామా అనుకున్నాను. ఆపితే మళ్లీ చల్లబడిపోతుంది, కారణం దొరకదు, సాయంత్రానికి బాక్సు పీకేస్తారు. ఇంకొంచెం పోనిద్దాం అనుకున్నాను. సాత్తూరు దాటింది. ఎదురుగా ఫ్లైఓవరు. ఎక్కుతుంటే సగంలో ఇంజను ఒక్కసారి కూత పెట్టింది.

బండి నెమ్మదించింది, ఆగింది, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

వెనక ప్రైవేటు బస్సు. అద్దంలో దాని మొహం తప్ప ఇంకేం కనబడలేదు. తొట్టినిండా బస్తాలు, కింద ఏటవాలు రోడ్డు. మాప్ళె కుడికాలు బ్రేకు మీద పడింది, గేరు న్యూట్రల్‌కు పోయింది, చేతిబ్రేకు లాగాడు, హారన్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. అంత బరువును రెండు బ్రేకులూ పూర్తిగా పట్టలేదు. బండి ఒక మూర జారింది, ఇంకో మూర జారింది. నేను తలుపు తీసేలోపే వెనక తలుపు చప్పుడైంది. ఆమె కిందికి దూకి, చెక్క దిమ్మెను టైరు వెనక నెట్టి, పాదంతో అదిమి పట్టి, చేత్తో పైట తీసి బస్సు వైపు ఊపుతోంది. బస్సు బ్రేకులు కీచుమన్నాయి. టైరు దిమ్మె ఎక్కబోయి ఆగింది. బస్సు ఆమె వెనక, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలిచింది.

బస్సు డ్రైవరు అరవంలో మా మూడు తరాలనూ తిట్టి పక్కనుంచి పోయాడు. ఆమె పైట సర్దుకుంది. మాప్ళె బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు, తీయమని నేను చెప్పినా వినబడలేదు. ఈ మనిషికి తోలడం రాదని నలుగురిలో అన్నది నేనే కదా అని నాకు ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే.

దిగి, టైరు వెనక రెండు రాళ్లు కూడా పెట్టి, బండి ముందుకు వచ్చాను. కూలర్ గొట్టం ఎక్కడైనా చిట్లిందేమో చూద్దామని బంపరు ముందు గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టబోయాను. ఆమె పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాకొద్దన్నా. ఇది తీసినాక తాకండి" అంది.

నడుముకు దోపుకున్న చిన్న కత్తితో బంపరుకు కట్టిన తాళ్లు కోసి, ఆ దిష్టి రాక్షసిని పైటచెంగుతో పట్టుకుని ఊడదీసింది. టైరు ట్యూబు కోసి చేసిన మొహం, దాని వెనక గోనెపట్టా, ఆ వెనక ఇంకో గోనెపట్టా, అంచంతా బారెడు నల్ల ఉన్ని కుచ్చు. అది ఊడిన చోట బంపరు కంతలు అప్పుడు కనబడ్డాయి. ఆ కంతల్లోంచి పొయ్యి నోటి దగ్గరిలా వేడి సెగ నా మొహానికి కొట్టింది.

ఇది నా షెడ్డులో ఎప్పుడూ చూడలేదే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎట్టా సూస్తారు? దిష్టి తగిలినదాన్ని ఇంకొకళ్ల వాకిట్లోకి తీసకపోకూడదు గదన్నా. మీ సందు మలుపులోనే కోసి పారేసి వస్తా. మీ పిల్లలూ పనివాళ్లూ తిరిగే చోటు. మళ్లా ఊరికి పోయినాక తలకి పోసుకుని కొత్తది కట్టేది" అంది. తర్వాత దాన్ని నా వైపు చాపింది. "సూడండి ఎట్టా కాల్తా ఉండాదో. ప్రతిసారీ ఇట్నే కాల్తాది. ఎంత దిష్టి పట్టిందో. అందుకే ఒక్కోసారికి ఇంకో పట్టా ఏసి మందంగా కడతా ఉండా."

నేను చెయ్యి పెట్టి చూశాను. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. కూలర్‌కు తగలాల్సిన గాలిని ఇన్నాళ్లూ ఆపింది ఈ పట్టాలే.

మేస్త్రీలం ఇద్దరం, స్కానర్లు రెండు, ఇసుక మూటలు, కొత్త ప్లేట్లు. జవాబు ప్రతిసారీ ఈ మనిషి చేతిలోకి వచ్చి, కాలి, మా సందు మలుపులో పడిపోయింది. దాన్ని నేను కాలితో పక్కకు నెట్టి షెడ్డుకెళ్లి బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నాకు నవ్వు రావాల్సింది. కానీ ఆమె మొహం చూస్తే నవ్వు రాలేదు.

తలెత్తితే మాప్ళె తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లారీ తోలినవాడికి ఇది చెప్పాలా? బంపరు కంతల వంక చూశాడు, ఆమె చేతిలోదాని వంక చూశాడు, నా వంక చూశాడు. కనురెప్ప కూడా ఆడించకుండా తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని.

అరగంట అయ్యాక ఏమీ కట్టకుండానే కదిలాం. ఫోను మీద నుంచి నేను కళ్లు తిప్పలేదు, సీటుకు వీపు ఆన్చలేదు. తొంభైకి కొంచెం ఇటు అటుగా ఎక్కింది, అక్కడే నిలిచింది. విరుదునగర్ వచ్చేదాకా అక్కడే ఉంది.

మండీలో ఆమె తూకం దగ్గర నిలబడి ఉండగా మాప్ళె నన్ను తార్పాలు చాటుకు తీసుకుపోయాడు.

"దానితో సెప్పొద్దు బావా. నా కాలు పోయిన టిరిప్పుకి లారీకి దిష్టి కట్టలా. ఇంట్లో పిల్లకి జొరమని మరిసిపోయింది. ఇన్ని నాళ్లూ తనవల్లే నా కాలు పోయిందని దిగులుగా కవలె పడతా ఉండాది. ఇదీ తనవల్లే అని తెలిస్తే పావం, తట్టుకోదు" అన్నాడు.

ఆమె నా షెడ్డులో చూసిన భయం చూపు అప్పుడు నాకు అర్థమైంది. ఈ బండి కూడా అతన్ని తీసుకుపోతుందేమోనన్న భయం అది.

ఆమెను మండీలోనే ఉండమని, ఖాళీ బండి తీసుకుని స్నేహితుడి షెడ్డుకు పోయాం. బాక్సు దించడానికి అతను జాకీలు అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాడు. నేను విషయం చెబితే నమ్మలేదు. అనుమానం తీరకుండా వదిలేది పని కాదు కాబట్టి, బరువు కోసం పాత ఇంజన్లు తొట్టిలో వేసుకుని, బంపరు కంతలకు అట్టముక్క అడ్డం కట్టి, ముగ్గురం హైవే మీదకు పోయాం. ఈసారి నూట ఇరవై చూడగానే ఆపేశాం. అట్ట పీకి, చల్లబరచి, మళ్లీ అదే దారిలో పోయాం. వేడి ఎక్కలేదు. మీరు కూడా, కారణం దొరికిందని సంబరపడగానే ఆగకండి. దాన్ని పెట్టి చూడండి, తీసి చూడండి. తిరిగొచ్చాక స్నేహితుడు అరవంలో ఎవర్ని తిట్టాలో తెలియక జాకీని ఒక తన్ను తన్నాడు. తర్వాత కొత్త నూనె పోసి, నుజ్జయిన బండి గేరుబాక్సును తానే దొర్లించుకుంటూ మూలకు తీసుకుపోయాడు. మాప్ళె అది మూలకు చేరేదాకా చూస్తూ నిలబడ్డాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఆ రోజు షెడ్డులో అన్న మాట మనసులో పెట్టుకోవద్దన్నాను. దానికేముంది బావా అన్నాడు గాని, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిగిలింది ఆమె. ఎందుకు చెడిందో చెప్పకుండా ఏ బండి తాళమూ నేను తిరిగి ఇచ్చినవాణ్ణి కాదు. మార్చని సామాను మార్చామని చెప్పే మెకానిక్కుల్ని ఎరుగుదును, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అలాంటి నేను ఆ సాయంత్రం మండీ గేటు దగ్గర నిలబడి, నూనె కల్తీదని, ఇప్పుడు మంచిది పోశామని ఆమెకు తడుముకోకుండా చెప్పేశాను. ఆమె కొత్త రాక్షసి కొనుక్కుని ఉంది. అప్పుడే పట్టా కూడా కుడుతోంది. ఇక చెప్పకపోతే మర్నాడు మళ్లీ అదే కథ.

"సెల్లీ, ఎదురొచ్చేవాడు ఒక్క సూపు సూసి పోతాడు. ఎనక వచ్చేవాడు ఊరు దాటేదాకా మన బండినే సూస్తా వస్తాడు. దిష్టి ఎనకనుంచే ఎక్కువ. ఇది తొట్టి ఎనక తలుపుకి కట్టు, ముందర నిమ్మకాయ సాలు" అన్నాను.

ఆమె సూది ఆపి ఆలోచించింది.

"నిసమే అన్నా. ఆయనకి తగిలిందీ ఎనకనుంచే గదా" అంది.

నాకు ఇక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత బండి ఆగలేదు. మామూలు సర్వీసుకు వచ్చేది, పోయేది. ఆమె మలుపులో దిగడం మానలేదు, వెనక కట్టినదాన్ని కోసి పారేసి నడిచి వచ్చేది. చాలా నెలల తర్వాత ఆయుధపూజకు బండి తెచ్చారు. మాప్ళె టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఆమె వేరుశెనగ మిఠాయి పొట్లం నా చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"ఎనక కట్టింది ఎప్పుడు తీసినా సల్లగానే ఉండాది అన్నా" అంది.

నేను పొట్లం విప్పే పని పెట్టుకున్నాను.

"ముందర కట్టినప్పుడు కాల్తా ఉన్నింది దిష్టికి కాదు. అవునా?"

ఒక అబద్ధం ఆమెకు చెప్పాను, రెండోది నోటికి రాలేదు. తల ఊపాను. ఆమె పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది. ఫ్లైఓవరు మీద బస్సు ముందు పైట ఊపిన మనిషి, అప్పుడు కూడా అంత పాలిపోలేదు. ఆయనకు తెలుసా అని అడిగింది. ఆ రోజే తెలిసిందన్నాను. కాసేపు అతని వంకే చూసింది. అతను పెట్టుడు కాలు పక్కకు చాపి వంగి, నాలుగో టైరు కింద నిమ్మకాయ సరిగ్గా కూర్చోవడం లేదని అవస్థ పడుతున్నాడు.

"నాతో ఒక్క మాట సెప్పలా" అంది. చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "శరి. అంత కష్టపడి దాసిపెట్టినాడు గదా. నేనూ తెలీనట్టే ఉంటా."

పోయి అతని చేతిలోంచి నిమ్మకాయ తీసుకుని, అది ఇట్టా గాదు పెట్టేది అని కసురుకుంటూ తనే పెట్టింది. హారతి అయింది. అతను బండెక్కాడు, ఆమె ఈసారి ముందు సీట్లో కూర్చుంది. నిమ్మకాయలు చితికాయి. బండి సందు దాటి హైవే వైపు తిరిగింది. వెనక తలుపు మీద ఆ రాక్షసి, ఊగుతూ, మలుపు దాటేదాకా నాకే నాలుక చాపుతూ పోయింది.